ముడిలోకి రాని నాలుగు పాయింట్లు

పాపక్కకు ఏ లిపీ రాదు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, ఎల్ల దాటి గొర్రెలు కొనడానికి వచ్చేవాళ్లతో కన్నడం మాట్లాడుతుంది గానీ, మూడింటిలో ఒక్క అక్షరం చదవలేదు. అయినా 1981లో సేలంలో జరిగిన ఒక బాస్కెట్‌బాల్ ఫైనల్లో ధర్మపురి మిల్లు ఆడపిల్లల్లో ఎవరు ఎన్నిసార్లు బంతి వేశారో చెప్పగలిగిన మనిషి, ఇరవై అయిదేళ్ల తర్వాత, ఆ జిల్లాలో ఆమె ఒక్కతే.

ఆ సంగతి ఆమె కూడా మరిచిపోయి ఉండేది. 2006 ఆడి మాసంలో, జూలై ఆఖరున ఒక పొద్దున ధనం వచ్చి తుంబలహళ్లిలో పాపక్క వాళ్ల దొడ్డి కంచె బయట నిలబడి దగ్గింది. ఆ దగ్గును బట్టే పాపక్క మనిషిని పోల్చింది.

"ఎవురు, ధనమా? లోపలికి రాలేవా, ఆడ నిలబడుకొని దగ్గుతా ఉండావు."

"ఈడే బాగుందిలే అక్కా. నువ్వు ఆ పొద్దు కట్టిన తాళ్లు ఇంకా ఉండాయా?"

"యాడికి పోతాయి, పెట్టెలో ఉండాయి."

పాక నీడలో కూచుని కాలి ముల్లు తీసుకుంటున్న ఆమె మొగుడు చిక్కణ్ణ తలెత్తకుండానే అందుకున్నాడు. "మేక మెడకు కట్టను ఒకటియ్యిమే అంటే ఇరవై అయిదేండ్లలో ఒక్కటీ ఇయ్యలేదు ఈ మారాణి. నువ్వడిగితే ఇస్తుందేమో చూడు."

ధనం నవ్వబోయి మళ్లీ దగ్గింది. ఆమెకు నలభై ఆరేళ్లు. చూస్తే అరవై అంటారు. మిల్లులో పద్నాలుగేళ్లు పీల్చిన దూది ధూళి ఊపిరితిత్తుల్లో కూచుండిపోయింది. ఇప్పుడు పాలక్కోడు టమాటా మండీలో పచ్చివీ పండువీ ఏరి బాక్సుల్లో పోస్తుంది. పది బాక్సులకొకసారి గోడకు ఆనుకుని నిలబడాలి. రాష్ట్ర స్థాయి ఫైనల్ ఆడి, ఇప్పుడు జరుగుబాటు లేకుండా ఉన్న పాత ఆటగాళ్లకు పింఛను ఇస్తారని ఎవరో చెప్పారు. ఆడినట్టు రుజువు కావాలి. ధనం దగ్గర ఉన్నది అరవ పేపరులోంచి కత్తిరించిన నాలుగు వరుసల ముక్క. ధర్మపురి మిల్లు 61, సేలం 58. కెప్టెన్ కన్నియమ్మ కప్పు అందుకుంది. అంతే. ఆ కన్నియమ్మ పోయి నాలుగేళ్లయింది. మిగతా పిల్లలు పెళ్లిళ్లయి ఏ ఊళ్లలో ఉన్నారో తెలియదు.

మరి మిల్లు రిజిస్టరు? అందులో ధనం పేరు ఎప్పుడూ లేదు. ఆ రోజుల్లో మిల్లుల వాళ్లు పేరు కోసం జట్లు పెట్టుకునేవారు. మ్యాచికింత అని ఇచ్చి, మాంసం కూడు పెట్టి, సొంత పనివాళ్లనే ఆడించేవారు. ఆటగత్తెలని చెప్పుకోవడానికి పనికొచ్చిన ఆ పిల్లల పేర్లు జీతాల పుస్తకంలోకి మాత్రం రాలేదు. పేరు రాస్తే పర్మనెంటు చెయ్యాలి. అందుకే పద్నాలుగేళ్లు ఆమె "టెంపరవరీ". ఆ తర్వాత మిల్లు మూసేశారు. ఆమె అక్కడ పనిచేసిందనడానికి సాక్ష్యం ఆమె దగ్గు ఒక్కటే మిగిలింది.

ఈ ఆటలోకి పాపక్క ఎట్లా వచ్చిందంటే, గొర్రెల వల్ల. వేసవిలో తుంబలహళ్లి వైపు మేత కాలిపోయినప్పుడు పాపక్కా చిక్కణ్ణా మందను తోలుకుని ధర్మపురి అంచుకు వచ్చేవాళ్లు. మిల్లు వెనకాల మైదానంలో గడ్డి పెరగకుండా గొర్రెలను మేపుకోవడానికి మేనేజరు ఒప్పుకున్నాడు, ఎరువు తన కొబ్బరితోటకు పోయేటట్టు. సాయంత్రం షిఫ్టు దిగి పిల్లలు ఆడుతుంటే పాపక్క గట్టు మీద కూచుని చూసేది. ఆమెకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక సంగతి తెలిసింది: బంతి ఒకసారి వలలో పడితే రెండు.

రెండ్ల లెక్క ఆమెకు కొత్తగా నేర్పాలా? దొడ్డి తడిక దగ్గర గొర్రెలను రెండేసి వదులుతూ జతల్లో లెక్కపెట్టే ఇంట్లో పుట్టింది. మందలో నలుగురి గొర్రెలు కలిసి ఉంటే ఒక్కొక్కరికి ఒక్కో ఉన్ని తాడు. జతకు ఒక ముడి. ఒంటిది మిగిలితే బిగించని ఉచ్చు. ఆ లెక్కనే ఇక్కడ దించింది. పిల్లకొక తాడు. ఏ తాడు ఎవరిదో తెలియడానికి ఆ పిల్ల జడలోని రిబ్బను ముక్క కొసకు కట్టింది. బంతి పడితే ముడి, ఫౌలయినప్పుడు గీత దగ్గర నిలబడి వేసే ఒంటి షాటు పడితే ఒక్కటే గనక ఉచ్చు. మేనేజరు గెలిచారా లేదా అని తప్ప అడగడు గనక, ఆట అయ్యాక పిల్లలు పాపక్క చుట్టూ మూగేవాళ్లు, నావెన్ని నావెన్ని అని. సేలం ఫైనల్‌కు పోతూ ఆమెనూ లారీలో ఎక్కించుకున్నారు. ఆ రోజు తాళ్లే ఆమె దాచిపెట్టినవి. ఏడు.

మరుసటి సోమవారం ఇద్దరూ ధర్మపురిలో పింఛన్ల ఆఫీసుకు పోయారు. ఆఫీసరు చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు, ఆ తాళ్లను చూసి నవ్వను కూడా లేదు. పాపక్క ఒక్కో తాడు చూపిస్తూ ఎవరికెన్నో అరవంలో చెప్పింది. ఎర్ర రిబ్బనుది ధనానిది. తొమ్మిది ముళ్లు, రెండు ఉచ్చులు. ఆఫీసరు ఒక కాగితం మీద ఏడుగురివీ వేసుకుని కూడాడు. మళ్లీ కూడాడు.

"పాట్టీ," అన్నాడు, అవ్వా అన్నట్టు. "మొత్తం ఇరవై ఏడు ముళ్లు, మూడు ఉచ్చులు. అంటే యాభై ఏడు."

"సరి."

"పేపర్లో అరవై ఒకటి అని ఉంది."

పాపక్క ఎర్ర రిబ్బను తాడును మళ్లీ వేళ్ల మధ్యకు తీసుకుంది.

"సేలం వాళ్లవి యాభై ఎనిమిది. మీ తాళ్ల ప్రకారం మీరు ఒక్క పాయింటుతో ఓడిపోయినారు. ఓడిపోయిన వాళ్లకు కప్పు ఎట్ల ఇచ్చినారు?" అతను ఎగతాళి చెయ్యడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. "నాలుగు తగ్గిన లెక్కను నేను పైకి పంపితే నన్నే అడుగుతారు. వేరే ఏదన్నా కాగితం ఉంటే తీసుకుని రండి."

బస్సులో పాపక్క కిటికీ వైపు తిరిగి కూచుంది. ఎవరి ముళ్లు వాళ్లకు చెప్పడమే గానీ, ఏడు తాళ్లనూ కలిపి ఆమె ఏనాడూ కూడలేదు. గెలిచిన రోజు ఎవరు కూడతారు?

"పోనీలే అక్కా. ఇంత జనంలో, అంత అరుపుల్లో నాలుగు తప్పిపోవడం పెద్ద సంగతా?" అంది ధనం.

"నా చేతిలో ఒక్క గొర్రె తప్పిపోలేదు ఇంతదాకా," అంది పాపక్క.

ధనాన్ని బాధపెట్టింది పింఛను. పాపక్కను కొరికింది అంతకంటే పెద్దది. తన లెక్క అబద్ధమైతే ధనం ఆడిందన్న మాటే అబద్ధమైపోతుంది. పేరు రాయని మిల్లు చేసిన పనిని ముడి తప్పిన తన చెయ్యి పూర్తి చేసినట్టవుతుంది. పదిరోజులు ఆమె తిండి సరిగా తినలేదు. తాళ్లు ముందేసుకుని వేళ్లతో తడుముతూ కూచునేది.

పదకొండో రోజు పశువుల ఆస్పత్రి నుంచి ఒక కుర్రాడు గొర్రెలకు పురుగుల మందు పొయ్యడానికి వచ్చాడు. ఎన్ని ఉన్నాయని ముందురోజే అడిగి పోయాడు. ఇరవై మూడు జతలు అని చెప్పాడు చిక్కణ్ణ. నలభై ఆరింటికి కొలిచి తెచ్చిన మందు అయిపోయింది. ఇంకా తొమ్మిది పిల్లలు తడిక వెనక అరుస్తున్నాయి.

"ఏమి తాతా, అబద్ధం చెప్పినావు? ఇవి యాభై అయిదు ఉండాయి."

"అబద్ధమేముంది? ఇరవై మూడు జతలే."

"మరి ఇవేమి, కుక్కపిల్లలా?"

"అవి పాలు తాగే పిల్లలప్పా. తల్లి వెంట పోయే పిల్లను ఎవురు లెక్కపెడతారు? తల్లిని లెక్కపెడితే పిల్ల దాంట్లోనే వచ్చింది. పాలు మరిచినాక దానికి వేరే లెక్క."

"మందుకు తెలుస్తుందా మీ లెక్క? మళ్లీ పాలక్కోడుకు పోయి రావాల నేను."

"పో. కుర్రోడివి కదా."

పాపక్క చేతిలో గొర్రెను వదిలేసింది. అది మూతి తుడుచుకోకుండానే పరిగెత్తింది. ఆమె కళ్ల ముందు సేలం మైదానం కదిలింది. ధనం ఎగిరింది, బంతి వదిలింది, అదే క్షణాన సేలం పిల్ల మోచెయ్యి పక్కటెముకల్లో దిగి ధనం కింద పడింది. బంతి వలలో పడింది. ఈల. పాపక్క ముడి వేసింది. ధనం లేచి, పావడా దులుపుకుని, గీత దగ్గర నిలబడి ఇంకొక్క షాటు వేసింది. పడింది. అది ముందు పడిన బంతి వెంట వచ్చిన షాటు. పాపక్క చెయ్యి కదల్లేదు. తల్లి వెంట పిల్ల.

వేరే ఫౌలుకు వేసిన ఒంటి షాట్లకు ఉచ్చులు వేసింది. బంతి పడ్డాక దాని వెంటే వచ్చిన షాటుకు మాత్రం వెయ్యలేదు. ఎందుకు వేస్తుంది? వాళ్ల వంశంలో ఎవరు వేశారు?

"నాలుగు పిల్లలు," అంది పైకి.

"తొమ్మిది," అన్నాడు చిక్కణ్ణ.

"ఈటివి కాదు."

తెలియడం వేరు, చూపించడం వేరు. ఆ నాలుగు షాట్లూ ఎక్కడన్నా కాగితం మీద ఉండాలి. ధనాన్ని అడిగితే ఆమె మోచేతి సంగతి మొదలుపెట్టింది. సేలం కెప్టెన్ పచ్చయమ్మాళ్. ఆ తర్వాత సేలంలోనే ఏదో స్కూల్లో డ్రిల్లు టీచరయింది. "ఈ పక్క ఎముక చలికాలం ఇప్పటికీ లాగుతుంది అక్కా. ఆమె పేరు నేనెట్ల మరిచిపోతాను?"

ఇద్దరూ సేలంకు పోయారు. రెండు స్కూళ్లు తిరిగి మూడో స్కూలు వాచ్‌మన్ దగ్గర ఇల్లు తెలుసుకున్నారు. తలుపు తీసిన పచ్చయమ్మాళ్ ఇప్పటికీ నిటారుగా ఉంది. ధనాన్ని కిందినుంచి మీదికి చూసింది.

"పదకొండో నంబరు," అంది అరవంలో. "ఏమి ఇట్లయిపోయినావు? ఆ పొద్దు నిన్ను ఆపలేక చచ్చినాను."

"ఆపినావు కదా, మోచేత్తో."

"అది ఫౌలు కాదు. నువ్వే వచ్చి నా మీద పడినావు."

"మూడుసార్లూ నేనే పడినానా?"

పచ్చయమ్మాళ్ పెద్దగా నవ్వి లోపలికి రమ్మంది. పాపక్క పోయి కూచుంది. ధనం గడప అవతలే ఆగింది. అలవాటు. ఇంటామె ఒక నిమిషం చూసి, "ఆడ నిలబడితే ఫౌలు ఇస్తాను, లోపలికి రా," అని చెయ్యి పట్టి లాక్కొచ్చి కుర్చీలో కూచోబెట్టింది. ముగ్గురికీ ఒకే రకం స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. పాపక్క తన గ్లాసు వైపే చూస్తూ తాగింది. ముళ్లలో ధనానికి ఒక్కటి తక్కువ వెయ్యలేదు ఆమె. కానీ ఊరి బయటి కాలనీ పిల్ల అని, ఇరవై అయిదేళ్లలో ఒక్కసారి కూడా చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోలేదు. లోపలికి రాలేవా అని నోటితో అనడం, రాదని తెలిసి అనడమే. మిల్లు మేనేజరును తిట్టిన నోటితో ఇది ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు. కాఫీ వేడిగా ఉంది. ఊదకుండా తాగేసింది.

స్కోరు షీటు పచ్చయమ్మాళ్ దగ్గర ఉంది. గెలిచినవాళ్లది మేనేజరు ఎక్కడ పారేశాడో గానీ, ఓడినవాళ్లకిచ్చే కార్బన్ కాపీని ఈమె ఇన్నేళ్లూ ప్లాస్టిక్ కవరులో దాచింది. తనను ఆటలోంచి బయటికి పంపించిన అయిదో ఫౌలు అన్యాయమని ఎప్పటికైనా నిరూపించాలని.

సేలం పక్కన పన్నెండు పేర్లు. ధర్మపురి పక్కన ఒక్క కన్నియమ్మ పేరు, మిగతావి వట్టి నంబర్లు. మేనేజరు ఇక్కడా రాయించలేదు.

"చూడు, ఈ రెండు వరుసల్లో పాయింట్లు ఎక్కిన కొద్దీ పక్కన నంబరు వేస్తారు," అంది పచ్చయమ్మాళ్. పాపక్క చదవలేదు గనక ఆమె వేలితో దారి చూపిస్తూ చెప్పుకుంటూ పోయింది. పదకొండుకు బాస్కెట్లు తొమ్మిది. విడి షాట్లు రెండు. బాస్కెట్ వెంటనే వచ్చిన షాట్లు మూడు. మొత్తం ఇరవై మూడు.

"ఇంకొకటి?" అంది పాపక్క.

"ఇంకొకటేంది?"

"వెంట వచ్చినవి నాలుగు ఉండాల. ఇంకొకటి యాడ?"

పచ్చయమ్మాళ్ వేలు కిందికి జారింది. ఆరో నంబరు. ఒక బాస్కెట్, వెంటనే ఒక షాటు. పాపక్క వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకుంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమెకు ఆకలేసింది.

షీటు ఇమ్మంటే పచ్చయమ్మాళ్ ఇవ్వనంది. జిరాక్సు తీసుకుంటామంటే దానికీ ఒప్పుకోలేదు. "ఇది నా కేసు కాగితం. యాడికి పోయినా నేనూ వస్తాను," అంది. గురువారం నాడు ఆఫీసులో ముగ్గురూ వరుసగా కూచున్నారు.

ఆఫీసరు షీటును ఒక పక్క, తాళ్లను ఒక పక్క పెట్టుకున్నాడు. నంబర్లున్న కాగితానికి పేర్లు లేవు. పేర్లున్న తాళ్లలో నాలుగు లేవు. అతను ఒక్కో తాడును ఒక్కో నంబరుతో సరిచూశాడు. గంట పట్టింది. తొమ్మిది ముళ్లు ఇంకెవరికీ లేవు. ఏడు తాళ్లూ ఏడు నంబర్ల దగ్గర చక్కగా కూచున్నాయి. గొర్రెపిల్లల సంగతి పాపక్క రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెబుతున్నప్పుడు అతని ముఖంలో ఏదో వెలిగింది. అతనిదీ పల్లెటూరే అయి ఉండాలి.

"సరి పాట్టీ. ఒక వాంగ్మూలం రాస్తాను. బొటనవేలు వెయ్యి." రాసి, చదివి వినిపించాడు. "పై మ్యాచిలో నేను తప్పుగా లెక్కించినందున నాలుగు పాయింట్లు తగ్గినవి అని..."

ఇంకు పెట్టె మీదికి పోయిన వేలు ఆగింది.

"తప్పుగా కాదు."

"ఏదో ఒకటి రాయాల కదా పాట్టీ. తగ్గింది నిజం."

"తగ్గలేదు. వేరేగా పెట్టలేదు."

"వెయ్యక్కా," అంది ధనం మెల్లగా. "ఒక మాట దగ్గర ఏముంది? మళ్లీ తిరగలేను నేను."

పాపక్క ధనం వైపు చూసింది. ఆ పిల్ల చెయ్యి కుర్చీ అంచును పట్టుకుని ఉంది, లోపల దగ్గును ఆపుకుంటూ. వేలు వేసేస్తే అయిపోతుంది. తన పంతం కోసం ఈమె ఊపిరితో ఆడుకోవడం న్యాయమా? వేలు కొంచెం కిందికి దిగింది. మళ్లీ లేచింది.

"సారూ, నాకు చదువు రాదు. ఒక్కటి అడుగుతాను. నా లెక్క తప్పు అని నేనే వేలు వేసిస్తే, పైన కూచున్నోడు ఏమంటాడు? ఈ ముసల్ది ముళ్లే తప్పుగా వేసింది, ఎర్ర రిబ్బను ధనానిది అన్న మాట మాత్రం ఒప్పు అని యాడ రాసుండాది అంటాడు. అనడా?"

ఆఫీసరు పెన్ను మూత పెట్టాడు. తీశాడు.

"అంటాడు," అన్నాడు.

"ఆ పేరు చెప్పే కాగితం ఇంకొకటి లేదు సారూ. ఈ తాడే. దీన్ని తప్పు చేస్తే ఈమె ఆడనే లేదు."

పచ్చయమ్మాళ్ పక్కనుంచి అంది, "నా అయిదో ఫౌలు గురించి కూడా ఒక వరుస రాయండి."

"అమ్మా, మీరు కాసేపు ఊరుకోండి."

అతను పాత కాగితం చించి కొత్తది తీశాడు. ఈసారి చాలాసేపు రాశాడు. గొర్రెలు కాచేవారి వాడుకలో పాలు తాగే పిల్లను తల్లితో చేర్చి ఒకటిగానే లెక్కిస్తారనీ, ఆ పద్ధతి ప్రకారం బాస్కెట్ వెంట వచ్చిన నాలుగు షాట్లకు ముడి వేయలేదనీ, వాటిని కలిపితే అరవై ఒకటి అయి స్కోరు షీటుతో సరిపోతుందనీ, ఎర్ర రిబ్బను తాడు ధనం అనే పదకొండో నంబరుదనీ. పాపక్క రెండుసార్లు చదివించుకుంది. అప్పుడు వేలు వేసింది, గట్టిగా, ఇంకు కాగితం వెనక్కి దిగేటట్టు.

తాడును ఫైలుకు కట్టాలన్నాడు. ఎర్ర రిబ్బనుది ఒక్కటే ఇచ్చింది. మిగతా ఆరూ మడిచి సంచిలో పెట్టుకుంది. వాటి మనుషులు వచ్చి అడగాలి.

పింఛను ఆర్డరు మూడు నెలలకు, ఐప్పసి మాసంలో వచ్చింది. ఆ తర్వాతి సోమవారం ధనం మండీకి పోలేదు. పాపక్కను తోడు తీసుకుని ధర్మపురి పెద్దాస్పత్రికి పోయింది, ఊపిరితిత్తులు చూపించుకోవడానికి. ఇన్నాళ్లూ ఒక రోజు కూలి పోతుందని పోలేదు. చీటీ రాసే మనిషి పేరడిగాడు, వయసడిగాడు.

"ఏం పని?"

కూలి అనబోయి ధనం ఆగింది. వెనక వరుసలో జనం నెట్టుకుంటున్నారు.

"మిల్లులో బాస్కెట్‌బాల్ ఆడేదాన్ని," అంది.

అతను తలెత్తి ఆమె సన్నని చేతులను, వంగిన భుజాలను చూశాడు. నమ్మలేదని ముఖంలో తెలుస్తూనే ఉంది.

"రాసుకో నాయనా," అంది పాపక్క వెనకనుంచి. "నేను చూసినాను."